స్టీరియో కోరస్ పెడల్‌కి రిలే బైపాస్: రిలేలు ఎన్ని, ఏ రకం?

సీమతీగ (అనంతపురం):

అందరికీ నమస్తే. అనంతపురంలో ఒక ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాను. పెళ్ళిళ్ళు, జాతరలు, కాలేజీ ఫంక్షన్లు అన్నీ చేస్తాం. పెడల్స్ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే డబ్బాలు) కొనడం కన్నా చేసుకోవడం ఇష్టం. ఓవర్‌డ్రైవ్, ఫజ్, పీటీ 2399 చిప్పుతో ఒక డిలే ఇప్పటికే చేసుకుని వాడుతున్నాను. అన్నీ మోనోనే, అన్నిటికీ తొమ్మిది కాళ్ళ 3పీడీటీ ఫుట్‌స్విచ్చే.

ఇప్పుడు ఎంఎన్ 3207 చిప్పుతో స్టీరియో కోరస్ (అసలు శబ్దానికి కాస్త ఆలస్యంగా వణికే శబ్దాన్ని జోడించేది) మొదలుపెట్టాను. గిటార్ ఒక జాక్‌లోంచి లోపలికి వెళ్తుంది, ఎడమ కుడి రెండు జాక్‌ల్లోంచి బయటికి వస్తుంది. బ్రెడ్‌బోర్డు మీద వింటే ప్రాణం లేచొచ్చింది. పని ఆగింది బైపాస్ (పెడల్ ఆఫ్‌లో గిటార్ శబ్దాన్ని మార్చకుండా దాటించే దారి) దగ్గరే. 3పీడీటీలో ఉన్న మూడు పోల్స్ (ఒక్కోటీ ఒక తీగని అటూ ఇటూ మారుస్తుంది) ఇన్‌పుట్‌కి ఒకటి, అవుట్‌పుట్లకి రెండు అయిపోతాయి. ఎల్ఈడీకి ఏమీ మిగలదు. 4పీడీటీ దొరకడం కష్టం, దొరికినా తొక్కడం కష్టం. పైగా జాతర స్టేజీల దుమ్ముకి ఈ స్విచ్చులు తొందరగా కరకరమంటున్నాయి. అందుకే మెత్తగా నొక్కే మొమెంటరీ (వదలగానే వెనక్కి వచ్చే) స్విచ్ పెట్టి, సిగ్నల్‌ని రిలేతో (కాయిల్‌కి కరెంటిస్తే కాంటాక్టులు మారే స్విచ్చుతో) మార్చాలని అనుకుంటున్నాను.

రిలే ఒకటి చాలా, రెండు కావాలా? లాచింగ్ (కరెంటు ఆగినా ఉన్నచోటే ఉండే) రిలేకి కరెంటు తక్కువ పడుతుందని చదివాను, అదే తీసుకోమంటారా? మా ఊళ్ళో అడిగితే నీలం రంగు 5 వోల్టుల, 10 ఆంపియర్ల రిలే ఒక్కటే చూపిస్తున్నారు, అది పనికొస్తుందా? మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామింగ్ నాకు రాదు, అది లేకుండా కుదురుతుందా? నొక్కినప్పుడు స్పీకర్లో ‘టప్’ మనకుండా ఏం చేయాలి? రెండు ఆంప్‌లు కలిపితే హమ్ (గుయ్యిమనే మోత) వస్తుందంటారు, దానికేంటి మందు?

త్వరలో బెంగళూరు ఎస్పీ రోడ్డుకి వెళ్తున్నాను. సామాన్లన్నీ ఒకేసారి తెచ్చుకోవాలి. రెండు వందల కిలోమీటర్లు మళ్ళీ మళ్ళీ పోలేను కదా.

బురుజు సోల్డర్ (కర్నూలు):

తమ్ముడూ, రిలే సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక కాగితం మీద ఇది రాసుకో: పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కుడి జాక్‌లో ఏం రావాలి? చాలామంది కోరస్ ఆన్‌లో ఉన్నప్పటి సర్క్యూట్ అంతా గీసేసి, బైపాస్‌ని చివర్లో ఎలాగోలా ఇరికిస్తారు. స్టీరియోలో అలా కుదరదు. నువ్వు కచేరీలో ఎక్కువసేపు వాయించేది కోరస్ ఆఫ్‌లోనే. ఆ శబ్దం బాగుండాలి.

గిటార్ నుంచి వచ్చిన తీగని నేరుగా రెండుగా చీల్చి రెండు ఆంప్‌లకి ఇచ్చావనుకో. ఒక్కో ఆంప్ ఇన్‌పుట్ 1 మెగా ఓమ్ అయితే గిటార్‌కి కనిపించేది 500 కిలో ఓములు. దానికి తోడు కేబుళ్ళు. మామూలు గిటార్ కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారడ్లు ఉంటుంది. అయిదేసి మీటర్ల కేబుళ్ళు రెండంటే 1000 పికోఫారడ్లు, పెడల్ దాకా వచ్చే కేబుల్ వేరే. పికప్‌కి అంత బరువు తగిలిస్తే పై శ్రుతుల్లో ఉండే మెరుపంతా పోయి శబ్దం బొంగురుపోతుంది. అందుకని ఎడమ వైపు మాత్రం బైపాస్‌లో ఉత్త తీగ. కుడి వైపు ఎప్పుడూ ఒక బఫర్ (గిటార్ మీద బరువు పడకుండా సిగ్నల్‌ని ముందుకి తోసే సర్క్యూట్) గుండానే వెళ్ళాలి. రెండు ఆప్‌యాంప్‌లు (చిప్పులో ఉండే చిన్న ఆంప్‌లు) ఉన్న టీఎల్ 072లో సగం చాలు, ఇన్‌పుట్‌లో 1 మెగా ఓమ్ బయాస్ (అది పనిచేసే వోల్టేజీకి కట్టే రెసిస్టర్).

ఇప్పుడు ఇందులో ఉన్న లాభం చూడు. గిటార్ జాక్‌కి ఆ బఫర్ ఎప్పుడూ తగిలే ఉంటుంది కాబట్టి కోరస్‌కి సిగ్నల్ ఆ బఫర్ నుంచే ఇచ్చేయొచ్చు. అంటే ఇన్‌పుట్ మార్చాల్సిన పనే లేదు. మార్చాల్సింది రెండు అవుట్‌పుట్లనే. ఒక పోల్: ఎడమ జాక్‌కి గిటార్ తీగా, కోరస్ ఎడమా. ఇంకో పోల్: కుడి జాక్‌కి బఫర్ శబ్దమా, కోరస్ కుడి శబ్దమా. రెండే పోల్స్, అంటే డీపీడీటీ రిలే ఒకటి చాలు. ఎల్ఈడీని కాయిల్‌తో పాటే వెలిగించుకోవచ్చు.

బఫర్ ఇన్‌పుట్‌కి ముందు 10 కిలో ఓములు సిరీస్‌లో పెట్టడం మరిచిపోకు. పెడల్‌కి పవర్ లేనప్పుడు ఆప్‌యాంప్ లోపలి జంక్షన్లు గిటార్ సిగ్నల్‌ని గుంజి చీల్చకుండా ఆ రెసిస్టర్ కాస్త అడ్డుపడుతుంది.

లాచింగ్ వద్దు. దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. లాచింగ్ రిలే ఒకసారి ఎటు పడితే అటే ఉంటుంది. పెడల్ ఆన్‌లో ఉండగా పవర్ పోయిందంటే రిలే చచ్చిన కోరస్‌నే పట్టుకుని కూర్చుంటుంది, నీ గిటార్ మూగబోతుంది. మామూలు రిలే అయితే కాయిల్‌కి కరెంటు ఆగగానే స్ప్రింగుతో వెనక్కి పడుతుంది. ఆ వెనక్కి పడిన కాంటాక్టు, అంటే ఎన్‌సీ, బైపాస్‌కి కట్టుకుంటే ఎడమ ఆంప్‌లో గిటార్ వినిపిస్తూనే ఉంటుంది. కరెంటు పోతే ఆంప్ కూడా పోతుంది కదా అంటావేమో. స్టేజీ మీద ఊడేది ఎక్కువగా అడాప్టర్ పిన్ను, తమ్ముడూ. డాన్సర్ల కాళ్ళు తగులుతాయి, వైరు లాగుతారు, పాట మధ్యలో ఊడుతుంది. అప్పుడు పాట ఆగకూడదు. లాచింగ్‌తో ఆదా అయ్యేది బ్యాటరీ ఖర్చే. నువ్వు అడాప్టర్ మీద నడుపుతావు కాబట్టి ఆ లాభం నీకు అక్కర్లేదు.

ఆ నీలం రిలే వద్దు. అది మోటార్లు, బల్బులు ఆన్ చేసేదానికి. దాని కాంటాక్టుల మీద పట్టే సన్నటి పొరని పెద్ద కరెంటు కాల్చుకుంటూ పోతుంది. గిటార్ సిగ్నల్‌కి అంత బలం ఎక్కడిది? కొత్తలో బాగానే ఉంటుంది, కొన్నాళ్ళకి శబ్దం వచ్చీ రానట్టు అవుతుంది. నీకు కావాల్సింది బంగారు పూత కాంటాక్టులున్న సిగ్నల్ రిలే. పానసోనిక్ టీక్యూ2-5వి అని అడుగు. కనీసం 10 మిల్లీవోల్టులు, 10 మైక్రో ఆంపియర్ల సిగ్నల్ని కూడా మోస్తుందని దాని డేటాషీట్లోనే రాసి ఉంటుంది. కాయిల్‌కి 28 మిల్లీ ఆంపియర్లు పడుతుంది.

షాపులో మల్టీమీటర్ తీసుకుని కాయిల్ కొలువు. టీక్యూ2-5వి కాయిల్ 178 ఓముల దగ్గర చూపించాలి. 250 దగ్గర చూపిస్తే నీ చేతిలో పెట్టింది లాచింగ్ రకం. పైన అక్షరాలు మసకగా ఉన్నా మీటర్ చెప్పేస్తుంది. ఏ పిన్నులు ఎన్‌సీనో కూడా కాయిల్‌కి పవర్ ఇవ్వకుండా కంటిన్యుటీ బీప్ పెట్టి చూసుకో. ఈ రిలేకి కాయిల్‌లో ప్లస్, మైనస్ ఉన్నాయి. తిప్పి ఇస్తే కాలిపోదు గానీ అసలు క్లిక్ అనదు. పాడైందని పారేయొద్దు.

ప్రోగ్రామింగ్ లేకుండా సీడీ 4013 (ఆన్, ఆఫ్ స్థితిని గుర్తుపెట్టుకునే చిప్పు) చాలు. ఏ ఊళ్ళోనైనా టీవీ రిపేరు సామాన్ల షాపులో దొరుకుతుంది, 9 వోల్టుల మీద నేరుగా నడుస్తుంది. 5వ పిన్నుని 2వ పిన్నుకి కలుపు, ఇక నొక్కిన ప్రతిసారీ మారుతుంది. క్లాక్ (నొక్కిన సంకేతం అందుకునేది) 3వ పిన్ను. దానికి పదునైన అంచు కావాలి, నిదానంగా ఎక్కే వోల్టేజీ ఇస్తే తికమక పడుతుంది. అందుకని ఫుట్‌స్విచ్‌కి, క్లాక్‌కి మధ్యలో, వోల్టేజీ అంచుని పదును చేసే సీడీ 40106 చిప్పులో ఒక గేటు పెట్టు. స్విచ్ గ్రౌండ్‌కి, పైన 100 కిలో ఓముల పుల్‌అప్ (9 వోల్టులకి కట్టే రెసిస్టర్), అడ్డంగా 0.1 మైక్రోఫారడ్. 4వ పిన్ను రీసెట్: 9 వోల్టుల నుంచి 0.1 మైక్రోఫారడ్, గ్రౌండ్‌కి 1 మెగా ఓమ్. పవర్ ఇచ్చిన ప్రతిసారీ పెడల్ బైపాస్‌లోనే లేస్తుంది. 6వ పిన్ను గ్రౌండ్‌కి. వాడని రెండో సగానికి 8, 9, 10, 11 పిన్నులు కూడా గ్రౌండ్‌కి, 40106లో మిగిలిన గేట్ల ఇన్‌పుట్లు కూడా అంతే. గాలిలో వదిలేస్తే చెయ్యి దగ్గరికొచ్చినా స్థితి మారుతుంది.

1వ పిన్ను నుంచి 10 కిలో ఓముల ద్వారా బీసీ 547 ట్రాన్సిస్టర్ బేస్‌కి. కలెక్టర్‌లో కాయిల్, కాయిల్ పైకొస 78ఎల్05 రెగ్యులేటర్ ఇచ్చే 5 వోల్టులకి. కాయిల్‌కి అడ్డంగా 1ఎన్ 4148 డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కి. ఎల్ఈడీ, 1 కిలో ఓమ్ కలిపి కాయిల్‌కి సమాంతరంగా. రిలే కాయిల్ గ్రౌండ్ తీగని ఆడియో గ్రౌండ్‌తో మధ్యలో ఎక్కడా కలపకుండా నేరుగా పవర్ జాక్ దాకా విడిగా తీసుకెళ్ళు. ‘టప్’లో సగం అక్కడే పోతుంది.

ఇంకొకటి. సీసీ కెమెరాలకి, వైఫై రౌటర్లకి ఇచ్చే అడాప్టర్లలో మధ్య పిన్ను ప్లస్. పెడల్స్‌లో మధ్య పిన్ను మైనస్. అవసరానికి ఎవరో ఒకరు అది తెచ్చి గుచ్చుతారు. లోపల 1ఎన్ 5817 డయోడ్ సిరీస్‌లో పెట్టు, బతికిపోతుంది.

కడప ఫేడర్ (కడప):

బ్రదర్, నేను చర్చిలో సౌండ్ చూస్తాను, మిక్సర్ వైపు నుంచి రెండు మాటలు.

నీ కోరస్ సర్క్యూట్‌లో కుడి అవుట్‌పుట్ ఎలా తయారవుతోందో చూసుకో. కొన్ని స్టీరియో కోరస్‌ల్లో ఎడమకి అసలు శబ్దం ప్లస్ ఆలస్యమైన శబ్దం, కుడికి అసలు శబ్దం మైనస్ ఆలస్యమైన శబ్దం ఇస్తారు. రెండు ఆంప్‌ల ముందు కూర్చుని వింటే గది అంతా విచ్చుకున్నట్టు ఉంటుంది. కానీ మన ఫంక్షన్ హాళ్ళలో, చర్చిల్లో చాలా చోట్ల మెయిన్ స్పీకర్లు మోనోలోనే నడుస్తాయి. ఆ రెండూ కలిస్తే ప్లస్, మైనస్ కొట్టుకుని కోరస్ మొత్తం మాయమవుతుంది, ఉత్త గిటార్ మిగులుతుంది. స్టేజీ మీద వాయించేవాళ్ళకి కోరస్ వినిపిస్తుంటుంది, జనానికి వినిపించదు. గిటారిస్టులు సౌండ్ వాళ్ళతో గొడవపడేది ఇక్కడే.

దానికన్నా ఎడమలో ఉత్త గిటార్, కుడిలో ఆలస్యమైన శబ్దం ఒక్కటే పంపడం మంచిది. రోలాండ్ జేసీ-120 ఆంప్ 1975లో చేసింది అదే: రెండు స్పీకర్లు, ఒకదాంట్లో ఉన్నదున్నట్టు, ఇంకోదాంట్లో వణికే శబ్దం, రెండూ గాల్లో కలిసి కోరస్ అవుతాయి. అదే కోరస్‌ని 1976లో సీఈ-1 పెడల్‌గా తెచ్చారు. ఈ పద్ధతిలో మోనోలో కలిపినా కోరస్ కోరస్‌లాగే ఉంటుంది. ఎడమ కుడి కలిపి ఒక్క ఛానెల్లో వేసి విను. కోరస్ పోతే ఒకటి తిరగబడి ఉందని అర్థం. బైపాస్‌లో కూడా ఇదే పరీక్ష చెయ్యి, అక్కడ శబ్దం పలచబడితే బఫర్ వైపు ఎక్కడో ఇన్వర్టింగ్ (సిగ్నల్‌ని తిరగేసే) స్టేజీ ఉన్నట్టు.

హమ్ గురించి. రెండు ఆంప్‌లూ గోడ ప్లగ్‌లో ఎర్త్ అవుతాయి, నీ పెడల్ గుండా కేబుల్ షీల్డుల ద్వారా మళ్ళీ కలుస్తాయి. ఆ చుట్టులో 50 హెర్ట్జ్ తిరుగుతుంది. మొదటి పని, రెండు ఆంప్‌లనీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో గుచ్చు. చాలాసార్లు అక్కడితోనే తగ్గిపోతుంది. తగ్గకపోతే కుడి అవుట్‌పుట్లో 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ (గ్రౌండ్‌లు కలవకుండా శబ్దాన్ని మాత్రం దాటించేది). మిక్సర్‌కి వెళ్ళేటప్పుడు డీఐ బాక్సులో (పెడల్‌కి, మిక్సర్‌కి మధ్య పెట్టే డబ్బా) గ్రౌండ్ లిఫ్ట్ (గ్రౌండ్‌ని విడదీసే స్విచ్) నొక్కితే చాలు.

ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా తీయకు. టెంట్ల కింద, జనరేటర్ మీద నడిచే స్టేజీల్లో ఆంప్ లోపల ఏదైనా లీకైతే ఆ కరెంటు గిటార్ తీగల మీదికి వస్తుంది. పాడుతూ మైకుకి పెదవి తగిలిందంటే గిటారిస్ట్ గుండా పోతుంది. హమ్ వినపడితే వినపడనీ, ఆ పిన్ను ఉండాల్సిందే.

సీమతీగ (అనంతపురం):

బురుజు అన్నా, ఒక్క రిలేతో అవుతుందని అస్సలు అనుకోలేదు. కాగితం మీద గీసుకుంటే నిజంగానే రెండు పోల్స్‌లో సరిపోయింది. ఫేడర్ బ్రదర్, నా సర్క్యూట్‌లో కుడి వైపు మైనస్ పద్ధతే. ఒక్క ఛానెల్లో కలిపితే మీరన్నట్టే కోరస్ పోయింది. కుడికి ఆలస్యమైన శబ్దం ఒక్కటే వెళ్ళేలా మిక్సింగ్ రెసిస్టర్ ఒకటి తీసేశాను. వెడల్పు కొంచెం తగ్గింది గానీ మా హాళ్ళకి ఇదే సరి.

ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఒకటి అడగాలి. 600 ఓముల ట్రాన్స్‌ఫార్మర్ పెడితే బైపాస్‌లో గిటార్‌ని లాగేయదా?

బురుజు సోల్డర్ (కర్నూలు):

గిటార్‌ని నేరుగా దానికి తగిలిస్తే కచ్చితంగా లాగేస్తుంది. అందుకే కుడి వైపు పెట్టమన్నారు. అక్కడ బైపాస్‌లో బఫర్ ఉంది, ఆన్‌లో ఆప్‌యాంప్ ఉంది, రెంటికీ దాన్ని తోలే బలం ఉంది. ఎడమ వైపు ఎప్పుడూ పెట్టొద్దు.

ఆదోని ట్రెమోలో (ఆదోని):

అన్నా, మధ్యలో వచ్చి నా బాధ చెప్తున్నా, ఏమనుకోవద్దు. నాది స్టీరియో డిస్టార్షన్, లోపలికి రెండు, బయటికి రెండు. గెయిన్ ఎక్కువ కాబట్టి బైపాస్‌లో ఇన్‌పుట్‌ని కూడా విడదీస్తే గానీ గొణుగుడు ఆగదు. అందుకే ఛానెల్‌కి ఒక టీక్యూ2-5వి, మొత్తం రెండు. కరెంటు మిగులుతుందని రెండు కాయిల్స్‌నీ సిరీస్‌లో కట్టి 9 వోల్టుల మీద నడుపుతున్నాను. రెగ్యులేటర్ లేదు. చలికాలమంతా చక్కగా పనిచేసింది. మే నెలలో ఆరుబయట ప్రోగ్రాముల్లో మాత్రం నొక్కితే ఒక్కోసారి ఎడమ మారుతుంది, కుడి మారదు. ఒక పక్క డిస్టార్షన్, ఒక పక్క క్లీన్. ఇంటికొచ్చి ఫ్యాన్ కింద పెట్టి చూస్తే ఏ లోపమూ దొరకదు. సోల్డరింగ్ అంతా మళ్ళీ వేశాను, రిలే మార్చాను, అదే కథ. ఏమై ఉంటుంది?

బురుజు సోల్డర్ (కర్నూలు):

మంచి ప్రశ్న అమ్మా, దీని జవాబు మన ఎండలోనే ఉంది.

లెక్క చూడు. 9 వోల్టుల్లో రక్షణ డయోడ్ 0.3, ట్రాన్సిస్టర్ 0.2 తీసుకుంటాయి. మిగిలేది 8.5. రెండు కాయిల్స్ పంచుకుంటే ఒక్కోదానికి 4.25 వోల్టులు. 5 వోల్టుల రిలే తప్పకుండా లాగుతుందని కంపెనీ హామీ ఇచ్చేది 75 శాతం దగ్గర, అంటే 3.75. కాగితం మీద అర వోల్టు మిగులు. కానీ ఆ 3.75 అన్నది 20 డిగ్రీల దగ్గర మాట. కాయిల్ రాగి తీగ. రాగి వేడెక్కితే డిగ్రీకి సుమారు 0.39 శాతం రెసిస్టెన్స్ పెరుగుతుంది. మన దగ్గర మేలో నీడలోనే 42, 43 డిగ్రీలు. స్టేజీ మీద సాయంత్రం ఎండ పడే నల్ల రంగు అల్యూమినియం డబ్బాలో 60 దాటడం పెద్ద విషయం కాదు. 40 డిగ్రీలు పెరిగితే రెసిస్టెన్స్ 16 శాతం దాకా పెరుగుతుంది. రిలేని లాగేది కరెంటు కదా, అంతే కరెంటు పోవాలంటే ఇప్పుడు 3.75కి బదులు 4.35 కావాలి. నీ దగ్గర ఉన్నది 4.25.

అన్ని రిలేలూ ఆ హామీ అంచున ఉండవు, చాలావాటికి ఇంకా తక్కువే చాలు. అందుకే ఒకటి లాగుతోంది, ఇంకోటి మొండికేస్తోంది. ఇంట్లో చల్లారాక లోపం కనపడకపోవడం కూడా దీని వల్లే. నీ సోల్డరింగ్‌లో తప్పేమీ లేదు. అనుమానం తీర్చుకోవాలంటే పెడల్ ఆఫ్‌లో ఉంచి హెయిర్ డ్రయ్యర్‌తో రిలేల మీద వేడిగాలి కొట్టి, అప్పుడు నొక్కు.

దారులు రెండు. సిరీస్‌లోనే ఉంచాలంటే టీక్యూ2-4.5వి తెచ్చుకో. దానికి 75 శాతం అంటే 3.4 లోపే, వేడిలో 3.9 అవుతుంది, నీ 4.25 హాయిగా సరిపోతుంది. లేదంటే ఉన్న 5 వోల్టుల రిలేలనే సమాంతరంగా కట్టి 78ఎల్05తో నడుపు. రెండు కాయిల్స్‌కి 56 మిల్లీ ఆంపియర్లు, ఆ రెగ్యులేటర్ 100 దాకా ఇస్తుంది, దాని మీద పడే వేడి పావు వాటు లోపే. రిలేకి ఒక బీసీ 547 చొప్పున పెట్టు, ఒకదాని మీదే రెండూ వేయకు. నేనైతే రెండో దారే పడతాను. పాత అడాప్టర్ 8.5కి దిగినా రిలేకి అందే 5 వోల్టులు కదలవు.

పగటిపూట ప్రోగ్రాములు ఎక్కువైతే డబ్బాకి నల్ల పెయింట్ బదులు తెలుపు వేయి. నిజంగా తేడా ఉంటుంది.

ఆదోని ట్రెమోలో (ఆదోని):

హెయిర్ డ్రయ్యర్ పట్టాను అన్నా, కుడి రిలే కిక్కురుమనలేదు! చల్లారాక మళ్ళీ మామూలే. ఇన్నాళ్ళ టెన్షన్ తీరింది. 78ఎల్05 నా డబ్బాలోనే ఉంది, ఈ రాత్రికే మారుస్తాను.

సీమతీగ గారికి ఒక మాట. మీకు ప్రోగ్రామింగ్ రాదన్నారు, 4013తో చక్కగా అవుతుంది. కానీ ఎప్పుడైనా వీలైతే ఏటీటైనీ 13 మైక్రోకంట్రోలర్ ప్రయత్నించండి. మీ ఊళ్ళో ఇంజనీరింగ్ పిల్లలు ఎవరి దగ్గరైనా ఆర్డుయినో ఊనో బోర్డు ఉంటుంది, దాన్నే ప్రోగ్రామర్‌గా వాడుకోవచ్చు. ఊనో రీసెట్‌కి, గ్రౌండ్‌కి మధ్య 10 మైక్రోఫారడ్ పెట్టాలి, అంతే. ఏటీటైనీ వల్ల రెండు సుఖాలు. స్విచ్‌ని అర సెకను పైన నొక్కి పట్టుకుంటే, వదలగానే మళ్ళీ బైపాస్‌కి వచ్చేస్తుంది, ఒక్క బిట్‌కి మాత్రం ఎఫెక్ట్ కావాలంటే చాలా బాగుంటుంది. రెండోది మ్యూట్. అవుట్‌పుట్‌ని టీఎల్‌పీ 222ఏ ఫోటో రిలేతో (వెలుగుతో మారే స్విచ్‌తో) గ్రౌండ్ చేసి, అయిదు మిల్లీసెకన్లు ఆగి, రిలే మార్చి, ఇంకో పది ఆగి వదిలేస్తుంది. వాయిస్తుంటే ఆ ఖాళీ చెవికి తెలియదు. మధ్యలో చిప్పుని నిద్రపుచ్చితే క్లాక్ గోల కూడా ఆడియోలోకి రాదు.

సీమతీగ (అనంతపురం):

ఎస్పీ రోడ్డులో దొరికింది. మొదట ఇచ్చిన రిలే మీటర్లో 250 చూపించింది, వెనక్కిచ్చి అడిగితే 178ది తీసిచ్చారు. బురుజు అన్నకి అక్కడే దండం పెట్టుకున్నాను. 4013, 40106 మా ఊళ్ళోనే దొరికాయి.

మొత్తం కట్టాను. రిలే క్లిక్ అంటోంది, ఎల్ఈడీ వెలుగుతోంది, పిన్ను పీకేస్తే ఎడమలో గిటార్ వస్తూనే ఉంది. ఎడమ వైపు నొక్కినా వదిలినా నిశ్శబ్దం. కుడి వైపు మాత్రం బైపాస్ నుంచి కోరస్‌కి మారేటప్పుడు ‘టప్’ గట్టిగా ఉంది. వెంటవెంటనే నొక్కితే రాదు, కాసేపు బైపాస్‌లో వదిలేసి నొక్కితే వస్తుంది.

బురుజు సోల్డర్ (కర్నూలు):

కాసేపు వదిలేస్తే వస్తుందన్నావు చూడు, దాంతోనే తెలిసిపోయింది. కోరస్ కుడి అవుట్‌పుట్ కెపాసిటర్ తర్వాత, రిలే ఎన్‌ఓ కాంటాక్టుకి (కాయిల్‌కి కరెంటు ఇస్తేనే కలిసేది) ముందు గ్రౌండ్‌కి రెసిస్టర్ లేదు, అవునా? జాక్ దగ్గర పెట్టి ఉంటావు. బైపాస్‌లో ఆ కాంటాక్టు తెరుచుకుని ఉంటుంది, కెపాసిటర్ బయటి కొస గాలిలో వేలాడుతుంది. లోపలి కొసకి 4.5 వోల్టులు ఉన్నాయి, కెపాసిటర్ రవ్వంత లీకైనా బయటి కొస మెల్లగా పైకి ఎక్కుతుంది. నొక్కగానే అదంతా ఒక్కసారి ఆంప్‌లో పడుతుంది. పెడల్ బైపాస్‌లో పెట్టి ఆ కాంటాక్టు మీద డీసీ వోల్టేజీ కొలిచి చెప్పు. మీటర్ తగిలించిన మరుక్షణం చూడాలి, మీటరే దాన్ని మెల్లగా దించేస్తుంది.

సీమతీగ (అనంతపురం):

తగిలించగానే 0.9 వోల్టులు చూపించి దిగిపోతోంది అన్నా. ఎడమ వైపు సున్నా. ఎడమలో బోర్డు మీదే 1 మెగా ఓమ్ ఉంది, కుడిలో లేదు. కుడిలో కెపాసిటర్ 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్.

బురుజు సోల్డర్ (కర్నూలు):

దాన్ని తీసేసి 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ వేయి, డబ్బా ఆకారంలో ఉండేది. ఫిల్మ్‌కి లీకేజీ లేనట్టే. బోర్డు మీదే 1 మెగా ఓమ్ గ్రౌండ్‌కి. బఫర్ నుంచి ఎన్‌సీకి వెళ్ళే దారిలోనూ అంతే, అక్కడ కూడా కెపాసిటర్ ఉంది కదా. రిలే కాంటాక్టు ఏ వైపు తెరుచుకున్నా దాని వెనక కెపాసిటర్‌కి గ్రౌండ్ దారి ఉండాలి. ఆ తర్వాత కొలిస్తే రెండు మూడు మిల్లీవోల్టులకి మించకూడదు.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. నువ్వు తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ పెడితే దాని లోడు చిన్నది, అప్పుడు 1 మైక్రోఫారడ్ చాలదు, కింది శ్రుతులు పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌ని రిలే కుడి కామన్‌కి (జాక్ వైపు వెళ్ళే కాంటాక్టుకి) నేరుగా తగిలించకుండా మధ్యలో ఇంకో ఆప్‌యాంప్ బఫర్ వేయి.

సీమతీగ (అనంతపురం):

ఫిల్మ్ వేశాను, 1 మెగా ఓములు రెండు చోట్లా పెట్టాను. ఇప్పుడు నొక్కితే డబ్బాలో రిలే క్లిక్ చెవికి వినిపిస్తోంది గానీ స్పీకర్లో ఏమీ లేదు. మా కీబోర్డు ఆయన నేను ఎప్పుడు ఆన్ చేశానో కనిపెట్టలేకపోయాడు. రెండు ఆంప్‌లూ ఒకే బోర్డు మీద పెడితే హమ్ కూడా బాగా తగ్గింది, అయినా ట్రాన్స్‌ఫార్మర్‌కి చోటు వదులుతున్నాను. రేపు డబ్బాకి రంధ్రాలు వేయించాలి, సైజులు చెప్తారా?

బురుజు సోల్డర్ (కర్నూలు):

ఫుట్‌స్విచ్‌కి 12 మిల్లీమీటర్లు, డీసీ జాక్‌కి కూడా 12, పాట్‌లకి (తిప్పే నాబ్‌లకి) 7 కన్నా ఒక పిసరు ఎక్కువ. జాక్‌లకి మామూలుగా 10. నీ జాక్‌లు తెచ్చి కాలిపర్‌తో కొలిచాకే డ్రిల్ పెట్టమను. ముందు 3 మిల్లీమీటర్ల బిట్‌తో పైలట్ వేసి తర్వాత పెద్దది చేయాలి, నేరుగా పెద్ద బిట్ పెడితే అల్యూమినియంలో అది పక్కకి జారుతుంది. కుడి అవుట్‌పుట్‌కి మాత్రం ప్లాస్టిక్ మెడ ఉన్న జాక్ తీసుకో, రంధ్రం కొంచెం పెద్దది పడుతుంది. లోహపు జాక్ అయితే డబ్బా గుండా గ్రౌండ్ మళ్ళీ కలిసిపోయి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా పెట్టనట్టే అవుతుంది. రిలే జాక్‌ల వైపు, 78ఎల్05 దానికి దూరంగా. పెయింట్ రంధ్రాలన్నీ అయ్యాకే.